ఐడీ చేతిలో ఉంటే అడ్రసు దొరికినట్టేనా?

బందరులో, అంటే మచిలీపట్నంలో, ఒక మామూలు డాబా ఇంటికి ఎన్ని నంబర్లున్నాయో లెక్క వేసి చూడండి. మునిసిపాలిటీ వేసిన డోర్ నంబరు ఒకటి. గోడకు వేసిన సున్నం కింద ఇంకా లీలగా కనిపించే పాత డోర్ నంబరు మరొకటి. ఇంటి పన్ను అసెస్‌మెంట్ నంబరు, కరెంటు సర్వీసు నంబరు, గ్యాస్ కన్స్యూమర్ నంబరు, సచివాలయం వాళ్ల హౌస్‌హోల్డ్ మ్యాపింగు, పోస్టాఫీసు పిన్ కోడ్ 521001. ఇవన్నీ ఏదో ఒక కాగితం మీద దొరికేవి. ఇంటివాళ్లకు తెలియకుండానే ఆ ఇంటికి పుట్టిన నంబర్లు ఇంకొన్ని ఉంటాయి. గూగుల్ ప్లేస్ ఐడీ, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఐడీ, మ్యాప్‌మైఇండియా వారి ఆరక్షరాల మ్యాపుల్స్ పిన్, ప్లస్ కోడ్, 2025 నుంచి తపాలా శాఖ డిజిపిన్. ఇన్ని ఉండి కూడా పార్సిల్ తెచ్చిన కుర్రాడు ఫోన్ చేసి, "కోనేరు సెంటర్ దాకా వచ్చానండీ, అక్కణ్ణించి ఎటు రావాలి?" అనే అడుగుతాడు.

చిరునామాను మ్యాపు మీద చుక్కగా మార్చే పనిని జియోకోడింగ్ అంటున్నారు. ఆ చుక్కకు గానీ, దాని వెనక ఉన్న రికార్డుకు గానీ పెట్టిన గుర్తు ఐడీ. దీనికి తిరుగు పని ఒకటుంది. చేతిలో ఐడీల జాబితా ఉంటుంది, ఒక్కోదానికి పూర్తి చిరునామా కావాలి. తుఫాను షెల్టర్ల జాబితా కావచ్చు, ఆసుపత్రికి వచ్చే డయాలిసిస్ రోగుల ఇళ్లు కావచ్చు, రొయ్యల మేత కంపెనీ ఖాతాదారుల చెరువులు కావచ్చు. ఒకటీ రెండూ అయితే మ్యాపు తెరిచి చూసుకోవచ్చు. వందల్లోకి వెళ్లాక మౌసు పట్టుకుని కూర్చుంటే తెల్లారదు. నల్లతెర మీద ఒక కమాండు రాసి, జాబితా ఉన్న ఫైలును దానికి అందించి, జవాబులు ఇంకో ఫైలులోకి మళ్లించుకోవడమే దారి. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమలను ఎదురుగా పెట్టుకుని, ఇందుకు ఇప్పుడున్న పద్ధతులు ఎంతవరకు ఆదుకుంటాయో చూద్దాం. నా మాట ముందే చెప్పేస్తాను. ఈ కృష్ణా డెల్టాలో కోడ్‌లకు లోటు లేదు. ఆ కోడ్‌ల వెనక చిట్టా రాసి, ఏటేటా దిద్దేవాళ్లు లేరు.

లెక్క కట్టే కోడ్‌లు, చిట్టా చూసే ఐడీలు

ఈ గుర్తులన్నిటినీ ఒకే గాటన కట్టేయడం వల్లే సగం గందరగోళం. వీటిలో రెండు జాతులున్నాయి. మొదటి జాతికి చిట్టాతో పని లేదు. అక్షాంశ రేఖాంశాలు ఇస్తే లెక్క కట్టి కోడ్ ఇస్తుంది, కోడ్ ఇస్తే లెక్క తిప్పి అక్షాంశ రేఖాంశాలు ఇస్తుంది. డిజిపిన్, ప్లస్ కోడ్ ఈ జాతివి. రెండో జాతి సినిమాహాలు సైకిల్ స్టాండులో ఇచ్చే టోకెను లాంటిది. ఆ స్టాండులో చూపిస్తేనే దానికి విలువ, పక్క హాలుకు పట్టుకెళితే అది ఉత్త అట్టముక్క. గూగుల్ ప్లేస్ ఐడీ, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఐడీ, మ్యాపుల్స్ పిన్ ఈ రెండో జాతివి.

డిజిపిన్‌ను తపాలా శాఖ, హైదరాబాద్ ఐఐటీ, ఇస్రోకు చెందిన ఎన్‌ఆర్‌ఎస్‌సీ కలిసి తయారుచేశాయి. లెక్క చాలా తేలిక. 2.5 నుంచి 38.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం వరకు, 63.5 నుంచి 99.5 డిగ్రీల తూర్పు రేఖాంశం వరకు ఒక చతురస్రం గీసి, దాన్ని నాలుగు వరుసలు, నాలుగు నిలువులుగా 16 గడులు చేస్తారు. ఒక్కో గడికి ఒక గుర్తు. ఆ గడిని మళ్లీ 16, దాన్ని మళ్లీ 16. ఇలా పదిసార్లు చేస్తే పది గుర్తుల కోడ్ వస్తుంది, చివరి గడి ఇంచుమించు నాలుగు మీటర్ల పక్క ఉన్న చతురస్రం. ప్రోగ్రాము అందరికీ తెరిచే పెట్టారు కాబట్టి ఇంటర్నెట్ లేని లాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది.

ఈ లెక్కను మన ప్రాంతం మీద వేసి చూస్తే ఒక తమాషా బయటపడుతుంది. మచిలీపట్నం కోడ్ మొదటి మూడు గుర్తులు 4, 7, టీ. గుడివాడవీ అవే. రెండూళ్ల మధ్య ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఇప్పుడు దివిసీమకు దిగుదాం. అవనిగడ్డ 4, 7, పీ. నాగాయలంక 4, 6, 9. గాలిలో కొలిస్తే ఈ రెండూళ్ల మధ్య పది కిలోమీటర్లు కూడా ఉండదు. అయినా రెండో గుర్తు దగ్గరే దారులు చీలిపోయాయి. కారణం, డిజిపిన్ రెండో మెట్టు గడుల సరిహద్దు సరిగ్గా 16 డిగ్రీల అక్షాంశం మీద పడింది. ఆ గీత అవనిగడ్డకు దక్షిణంగా, నాగాయలంకకు ఉత్తరంగా దివిసీమను అడ్డంగా కోసుకుంటూ పోతుంది. ప్లస్ కోడ్‌లోనూ అదే గీత తగులుతుంది, ఎందుకంటే దాని రెండో జత గుర్తులు ఒక్కో డిగ్రీకి మారతాయి. అవనిగడ్డ 7ఎం82 అయితే నాగాయలంక 7ఎం72. పైగా 81 డిగ్రీల రేఖాంశం గుడివాడ నడిబొడ్డుకు కాస్త తూర్పుగా పోతుంది కాబట్టి గుడివాడ 7ఎం82లోనూ, మచిలీపట్నం 7ఎం83లోనూ పడ్డాయి. గుడివాడ మొదటి కోడ్ ప్రకారం బందరు జట్టు, రెండో కోడ్ ప్రకారం అవనిగడ్డ జట్టు!

ఇది కాలక్షేపం లెక్క కాదు. కోడ్ మొదటి అక్షరాలు కలిస్తే ఊళ్లు దగ్గరివని అనుకుని జాబితాను వేరుచేసే అలవాటు చాలామందికి ఉంది. పిన్ కోడ్ మప్పిన అలవాటు అది. 521తో మొదలైతే కృష్ణా వైపు, 520తో మొదలైతే బెజవాడ అని మనసులోనే పడిపోతుంది. అదే చూపుతో డిజిపిన్‌ల జాబితాను మొదటి రెండు గుర్తులతో వేరు చేస్తే దివిసీమ రెండు ముక్కలవుతుంది, సహాయ సామగ్రి మోసే లారీల లెక్క తప్పుతుంది. దూరం కావాలంటే కోడ్‌ను విప్పి అక్షాంశ రేఖాంశాలతో కొలవాలి, అక్షరాలను పోల్చకూడదు.

ఇంకో సంగతి. ఈ జాతి కోడ్‌లో చిరునామా అనేదే లేదు. డిజిపిన్ ఇచ్చి అడ్రసు అడిగితే వచ్చేది ఒక నాలుగు మీటర్ల గడి మాత్రమే. అందులో ఇల్లుందో, చేపల చెరువుందో, కృష్ణ పాయే ఉందో దానికి తెలియదు. అరుగు మీద నిలబడి ఒకసారి, పెరట్లో నిలబడి ఒకసారి తీస్తే ఒకే ఇంటికి రెండు కోడ్‌లు వస్తాయి. మేడ మీద వాటాకీ కింది వాటాకీ మాత్రం ఒకటే కోడ్. ప్లస్ కోడ్‌ను పొట్టిగా, ఊరి పేరు చేర్చి రాసే పద్ధతి ఒకటుంది. గుర్తు పెట్టుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, ఆ ఊరి పేరు ఎక్కడిదో తేల్చడానికి మళ్లీ ఏదో చిట్టా కావాలి. కోడూరు అని రాస్తే దివిసీమ కోడూరో, కడప వైపు రైల్వే కోడూరో ఎవరు చెప్పాలి?

దగ్గరగా ఒక లుకప్

చిట్టా చూసే ఐడీల్లో నేను ఎక్కువసేపు ఆగేది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ దగ్గర. 2004లో ఇంగ్లండులో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిన ఈ మ్యాపును ఎవరైనా దిద్దవచ్చు, ఎవరైనా దించుకోవచ్చు. దాని మీద చిరునామాలు వెతికే యంత్రం పేరు నామినాటిమ్. ఇందులో పేరు ఇచ్చి చోటు వెతకడానికి సెర్చ్, చోటు ఇచ్చి పేరు తెలుసుకోవడానికి రివర్స్, ఐడీ ఇచ్చి చిరునామా తెచ్చుకోవడానికి లుకప్ అని మూడు తలుపులున్నాయి. మనకు కావాల్సింది మూడోది. కమాండ్ లైన్‌లో కర్ల్ అనే పనిముట్టుతో లుకప్ తలుపు తట్టి, ఐడీలను కామాలతో వరుసగా రాస్తే ఒక్క విడతలో 50 దాకా తీసుకుంటుంది. సొంతంగా నామినాటిమ్ పెట్టుకున్నవాళ్లయితే కర్ల్ కూడా అక్కర్లేదు, దాని కమాండుతోనే నేరుగా అడగవచ్చు.

ఐడీ ముందు ఒక అక్షరం ఉండాలి. చుక్క అయితే ఎన్, గీత గానీ గీతతో చుట్టిన కట్టడం గానీ అయితే డబ్ల్యూ, సరిహద్దుల్లాంటి కూడిక అయితే ఆర్. ఈ ఒక్క అక్షరం మీద ఎంత ఆధారపడి ఉందో తెలియక ఎక్సెల్‌లో "నంబర్లే ఉంచుదాం" అని దాన్ని కొట్టేసేవాళ్లున్నారు. మూడు రకాలకూ నంబర్లు వేరువేరు వరుసల్లో నడుస్తాయి. అంటే ఒకే నంబరుతో చుక్క ఒకటి, గీత ఒకటి, కూడిక ఒకటి ఉండవచ్చు. ఎన్ పోయి డబ్ల్యూ చేరిందంటే హంసలదీవి గుడి అడిగితే జర్మనీలో ఏదో సందు రావచ్చు. తప్పు వచ్చినట్టు యంత్రం చెప్పదు, దాని దృష్టిలో అది సరైన జవాబే.

జవాబు ఎలా ఉంటుందో చూద్దాం. హంసలదీవి వేణుగోపాలస్వామి ఆలయం లాంటి చోటును అడిగామనుకోండి. పేరు, ఊరు, తర్వాత "కౌంటీ" అనే గడిలో మండలం, "స్టేట్ డిస్ట్రిక్ట్" అనే గడిలో కృష్ణా, ఆపైన రాష్ట్రం, పిన్ కోడ్, దేశం. కోడూరు మండలాన్ని కౌంటీ అని పిలిపించుకోవడం వింతగానే ఉంటుంది గానీ, ప్రపంచమంతటికీ ఒకే అచ్చు వాడితే అంతే మరి. తెలుగులో కావాలని అడిగితే తెలుగు పేరు ఎవరైనా చేర్చిన చోట తెలుగు వస్తుంది, చేర్చని చోట ఇంగ్లీషు వస్తుంది. ఒకే చిరునామాలో ఊరు తెలుగులో, రోడ్డు ఇంగ్లీషులో, జిల్లా మళ్లీ తెలుగులో.

అసలు కీలకం ఇక్కడుంది. ఈ చిరునామా ఎక్కడో ఒకచోట అలాగే రాసిపెట్టి ఉన్న రికార్డు కాదు. ఆ చుక్క ఏ సరిహద్దుల లోపల పడిందో, దగ్గర్లో ఏ ఊరి గుర్తు ఉందో చూసి, నామినాటిమ్ తన డేటా ఎక్కించుకునేటప్పుడు ముక్కలు కూర్చి పెట్టుకుంటుంది. బందరు వీధుల్లో డోర్ నంబర్లు మ్యాపులో ఎక్కించినవి తక్కువ, లంక ఊళ్లలో మరీ తక్కువ. పిన్ కోడ్ కూడా ఆ చోటికే రాసి లేకపోతే, చుట్టుపక్కల తెలిసిన పిన్‌లను బట్టి దగ్గరిదాన్ని అంచనా వేస్తుంది. నాగాయలంక 521120, అవనిగడ్డ 521121. మధ్యలో ఉన్న ఊరికి ఇందులో ఏది వస్తుందన్నది తపాలా శాఖ నిర్ణయం మీద కాకుండా దూరం మీద తేలిపోతుంది. ఉత్తరం మీద ఆ పిన్ రాసి డబ్బాలో వేసే ముందు ఒకసారి ఆలోచించుకోవాలి.

ఐడీ లేకపోతే ఏమవుతుంది? లేదని చెప్పదు. ఒక్క ఐడీనే అడిగితే ఖాళీ బ్రాకెట్లు రెండు వస్తాయి. యాభై అడిగితే, వాటిలో మూడు చెరిపేసినవైతే, మిగతా నలభై ఏడు చక్కగా వస్తాయి, మూడింటి ఊసే ఉండదు. అడిగిన వరుసనూ వచ్చిన వరుసనూ పక్కపక్కన అతికించేవాళ్లకు అక్కడి నుంచి కిందివన్నీ ఒక మెట్టు జారతాయి. ఐడీని ఐడీతోనే జత కలపాలి, రానివాటిని విడిగా ఒక ఫైలులో పెట్టుకోవాలి. అసలు విలువైన సమాచారం ఆ రెండో ఫైలులోనే ఉంటుందని నా నమ్మకం. ఏ చోటు మ్యాపులోంచి మాయమైందో, ఏ ఊరి చుక్కను తీసేసి ఎవరో కొత్తగా గీశారో అదే చెబుతుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చెరిపిన నంబరును మళ్లీ ఇంకొకదానికి ఇవ్వరు, పాత చరిత్ర అలాగే ఉంటుంది. కాబట్టి ఓపిక ఉంటే తవ్వి తీయవచ్చు. నామినాటిమ్ జవాబులో ప్లేస్ ఐడీ అని ఇంకో నంబరు కనిపిస్తుంది. దాన్ని మాత్రం దాచుకోవద్దు. అది ఆ సర్వరు సొంత లెక్క, డేటా మళ్లీ ఎక్కిస్తే మారిపోతుంది.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఫౌండేషన్ నడిపే ఉచిత సర్వరు సెకనుకు ఒక్క అడుగుకు మించి ఒప్పుకోదు, అడిగేది ఏ ప్రోగ్రామో చెప్పమంటుంది. చందాలతో నడిచే సర్వరు కాబట్టి ఆ మాత్రం మర్యాద పాటించాలి. పెద్ద జాబితాలున్నవాళ్లు దక్షిణ భారతం వరకు డేటా దించుకుని సొంత యంత్రంలో పెట్టుకోవడం మేలు. రోగుల ఇళ్ల ఐడీల వంటివి పరాయి సర్వరుకు పంపడం ఎలాగూ మంచిది కాదు. ఎవరి ఇళ్లు వెతుకుతున్నామన్నదే ఒక రహస్యం, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఉన్నా లేకపోయినా.

అంగడి ఐడీలు

మిగతా కంపెనీల గురించి ఇంత చెప్పనక్కర్లేదు. పద్ధతి ఒకటే, షరతులు వేరు. గూగుల్ తన ప్లేస్ ఐడీని ఎంతకాలమైనా దాచుకోనిస్తుంది, దాని ద్వారా వచ్చిన చిరునామాను మాత్రం దాచుకోనివ్వదు. ఐడీ పన్నెండు నెలలు దాటితే మళ్లీ సరిచూసుకోమంటుంది. ఐడీ ఒక్కటే తిరిగి అడిగితే డబ్బు తీసుకోదు. కొట్టు మూతపడినా, వేరే చోటికి మారినా పాత ఐడీ చెల్లకుండా పోవచ్చు. కొట్ల సంగతిలో బందరు, గుడివాడల్లో గూగుల్ చిట్టాను మించింది లేదని ఒప్పుకోవాలి, ఎందుకంటే కొట్టువాళ్లే వచ్చి దిద్దుకుంటారు. కొట్టు లేని ఊళ్లో ఆ చిట్టా పలచబడుతుంది. 1995 నుంచి ఉన్న మ్యాప్‌మైఇండియా ఆరక్షరాల పిన్‌ది కూడా ఇదే వరస. హియర్ కంపెనీకీ ఐడీతో వెతికే తలుపు ఉంది. పెలియస్ అనేది జియోకోడింగ్ చేసే తెరిచిన సాఫ్ట్‌వేర్. దాన్ని తయారుచేసిన మ్యాప్‌జెన్ 2018లో మూతపడినా, కోడ్ తెరిచి ఉన్నందువల్ల పెలియస్ బతికి బట్టకట్టింది. కంపెనీ మూతపడితే దాని ఐడీల గతి ఏమిటన్న ప్రశ్నకు అది మంచి పాఠం.

సర్కారు నంబర్లు

ఇక మన ప్రభుత్వాల నంబర్లు. ఇక్కడ చిట్టాలు నిజంగా ఉన్నాయి, ఒకదాని మాట ఒకదానికి పొసగదు. 2011 జనగణనలో ఆంధ్రప్రదేశ్ కోడ్ 28. పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలోనూ 28. బాగుందనుకునేలోపే జిల్లా దగ్గర తేడా వస్తుంది. కృష్ణా జిల్లా జనగణనలో 547, డైరెక్టరీలో 510. జనగణన జాబితాలో 510 అంటే మహారాష్ట్రలోని యవత్మాల్. ఫైలు మీద "జిల్లా కోడ్" అని మాత్రమే రాసి, ఏ చిట్టా కోడో రాయకపోతే నాగాయలంక షెల్టరు విదర్భ పత్తిచేలలో తేలుతుంది.

పైగా 2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లాను విడదీశారు. 50 మండలాల జిల్లా 25 మండలాలైంది. బెజవాడ వైపుది ఎన్టీఆర్ జిల్లాగా విడిపోయింది, కైకలూరు, నూజివీడు వైపువి ఏలూరు జిల్లాలోకి వెళ్లాయి. (ఎన్టీఆర్ పుట్టిన నిమ్మకూరు మాత్రం కృష్ణా జిల్లాలోనే మిగిలింది. చిరునామా రాసేవాళ్లు ఇక్కడ తరచూ తడబడతారు.) ఆ తేదీకి ముందు తీసిన చిరునామాల ఫైలులో "కైకలూరు, కృష్ణా" అని ఉంటుంది, తర్వాత తీసిందాంట్లో "కైకలూరు, ఏలూరు" అని ఉంటుంది. రెండూ నిజమే, ఎప్పుడు తీశారన్నది తెలిస్తే. అంతకు ముందు 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు ఇదే జరిగింది. దివి తాలూకా అని ఉన్న పాత జనగణన పట్టికను ఇప్పటి మండలాలతో జత కలపాలంటే ఊరూరా కూర్చుని కలపాల్సిందే.

ఈ మార్పుల్లో చెక్కుచెదరనిది పిన్ కోడ్ ఒక్కటే. 1972 ఆగస్టు 15న వచ్చిన ఈ ఆరంకెల కోడ్‌ను జిల్లా గీతలతో ముడిపెట్టలేదు, ఉత్తరం వెళ్లే దారితో ముడిపెట్టారు. అందుకే జిల్లా మారినా గుడివాడ 521301 గుడివాడ 521301గానే ఉంది. దాని హద్దు కూడా అదే. 521301 ఇచ్చి చిరునామా అడిగితే పోస్టాఫీసుల పేర్లు వస్తాయి, ఇల్లు రాదు. రైల్వేది ఇంకో పాత చిట్టా. గుడివాడ జంక్షన్ జీడీవీ, మచిలీపట్నం ఇప్పటికీ ఇంగ్లీషువాళ్ల మసులీపటం కాలపు ఎంటీఎం. దివిసీమకు రైలు లేదు కాబట్టి ఆ చిట్టాలో దివిసీమే లేదు.

పొలాలకు భూ ఆధార్ అనే 14 గుర్తుల నంబరు ఇస్తున్నారు. పొలం మూలల అక్షాంశ రేఖాంశాల నుంచి పుట్టిన నంబరు అది. పొలానికి ముచ్చటగానే ఉంది, ఇంటికి పనికిరాదు.

డోర్ నంబరూ, ఎక్సెలూ

బందరు మునిసిపాలిటీ 1866 నాటిది, గుడివాడది 1937 నాటిది. ఇన్నేళ్ల చిట్టా కదా, డోర్ నంబరే అన్నిటికన్నా గట్టి ఐడీ కావాలి. వార్డు, బ్లాకు, ఇల్లు అని మూడంకెల మధ్య గీతలు పెట్టి రాసే పద్ధతిలో తెలివి ఉంది. చిక్కు వార్డులు మార్చినప్పుడు వస్తుంది, నంబర్లూ మారతాయి. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు బై ఒకటి, బై ఏ చేరతాయి. ఇంటి గుమ్మం మీద ఒకటి, ఆధార్‌లో ఒకటి, పన్ను రసీదులో ఒకటి. పరాసుపేటలోనో, వలందపాలెంలోనో నాలుగు ఇళ్ల కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఇది తెలిసిపోతుంది.

దీనికి ఎక్సెల్ తన వంతు సాయం చేస్తుంది. డోర్ నంబరు 5-3-21 అని ఉన్న ఫైలును మామూలుగా తెరిస్తే అది తేదీ అనుకుని 2021 మార్చి 5గా మార్చేస్తుంది. సేవ్ చేశాక అసలు నంబరు తిరిగి రాదు. అదే ఫైలులో తెలుగు పేర్లుంటే అక్షరాలు చెత్తగా కనిపించవచ్చు, ఫైలు యూనికోడ్‌లో ఉందని ఎక్సెల్ గ్రహించకపోతే అంతే. కమాండ్ లైన్‌లో తీసిన జవాబును అక్కడే జేక్యూ లాంటి పనిముట్టుతో వేరుచేసుకుని, ఎక్సెల్‌కు చివర్లో, అన్ని గడులనూ అక్షరాలుగా చదవమని చెప్పి అప్పగించాలి. నల్లతెర మీద తెలుగు గుణింతాలూ ఒత్తులూ విడిపోయి కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. తెరకు రాయడం చేతకాలేదు, ఫైలులో అక్షరాలు భద్రంగానే ఉంటాయి.

పై దేశాల్లో

చిట్టాను బాధ్యతగా రాసే దేశాలు లేకపోలేదు. డెన్మార్క్ తన చిరునామాల చిట్టాను 2002 ఒప్పందంతో అందరికీ ఉచితం చేసింది. అక్కడ ఐడీ ఇస్తే చిరునామా రావడం మంచినీళ్లు తాగినంత తేలిక. బ్రిటన్‌లో ప్రతి ఆస్తికీ యూపీఆర్‌ఎన్ అనే నంబరుంది. 2020 జూలైలో ఆ నంబర్లను, వాటి చోట్లను ఉచితం చేశారు. అయితే ఆ నంబరు వెనక ఉన్న చిరునామా మాత్రం ఇంకా డబ్బు పెట్టి కొనాల్సిందే. తాళంచెవి ఉచితం, బీరువాకు అద్దె. మన దగ్గర కథ వేరు. 2021 ఫిబ్రవరి మార్గదర్శకాలతో మ్యాపుల మీద పాత ఆంక్షలు చాలావరకు పోయాయి, కోడ్‌లు ఉచితంగా వచ్చాయి, తాళం వేయడానికి బీరువాలోనే ఏమీ లేదు.

కొలిచేవాళ్లు లేక కాదు. మద్రాసులో 1794లో సర్వే పాఠశాల పెట్టిన మైకేల్ టాపింగ్ ఈ తీరాన్నీ, కృష్ణా గోదావరులనూ కొలిచి, 1796లో మచిలీపట్నంలోనే చనిపోయాడు. నేలను కొలిచిన చరిత్ర మనకు రెండు వందల ఏళ్ల పైమాటే. ఆ నేల మీద ఎవరు ఎక్కడ ఉంటున్నారో ఎప్పటికప్పుడు రాసుకోవడం వేరే పని.

ఉప్పెన ముందు పరీక్ష

ఈ ప్రాంతంలో చిరునామాకు అసలు పరీక్ష తుఫానే. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో ముప్పై వేల మంది దాకా పోయారని లెక్క. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనలో పోయినవాళ్లు పది వేలకు తక్కువ కాదు. అలాంటి రోజున టవర్లు పడిపోతాయి, ఇంటర్నెట్ ఉండదు. చిట్టా ఇంకెక్కడో సర్వరులో ఉన్న ఐడీలన్నీ ఆ గంటలో మూగబోతాయి. లెక్క కట్టే కోడ్‌లకు మాత్రం ఏమీ కాదు. పడవలో ఎదురుమొండి లంకకు వెళ్లేవాడి ఫోనులో సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, డిజిపిన్ విప్పుకోవచ్చు. ఈ ఒక్క కారణం చాలు, నాకు డిజిపిన్ మీద ఎన్ని ఫిర్యాదులున్నా దాన్ని వద్దనను. కాకపోతే ఏటి ఒడ్డు కోసుకుపోయి లంక అంచు జరిగినా కోడ్ అలాగే ఉంటుంది. కోడ్ బాగానే దొరుకుతుంది, అక్కడికి వెళితే నీళ్లుంటాయి.

అందుకే షెల్టర్లకైనా, రోగుల ఇళ్లకైనా ఫైలు తయారుచేసేవాళ్లు ఏ ఒక్క ఐడీనీ నమ్ముకోకూడదు. అక్షాంశ రేఖాంశాలు ఒక గడి, చిట్టా పేరుతో సహా దాని ఐడీ ఒక గడి, "రామాలయం దాటాక, మంచినీళ్ల చెరువు గట్టున, కుడిచేతి వైపు" అని ఊరివాళ్లు చెప్పిన మాట ఒక గడి, ఇవన్నీ ఏ రోజు సరిచూశారో ఒక గడి. మూడో గడిని చూసి కంప్యూటర్ చదివినవాళ్లు నవ్వుతారు. చెరువు గట్టు ఎక్కడుందో నాగాయలంకలో ఏ పిల్లాడైనా చెబుతాడు. తుఫాను రాత్రి పనికొచ్చేది అదే.

2025లో తపాలా శాఖ ధ్రువ అనే మరో ఆలోచనను ముందుకు తెచ్చింది. యూపీఐ ఐడీలాగా మనిషికి ఒక చిరునామా లేబుల్ ఉంటుంది. కొరియర్‌కు పూర్తి అడ్రసు చెప్పకుండా లేబుల్ చెబితే చాలు, మన అనుమతితో వాళ్లు చిరునామా తెచ్చుకుంటారు. ఇల్లు మారితే లేబుల్ వెనక చిరునామా మార్చుకోవడమే. ఆలోచన బాగుంది, పోర్షన్లు మారే బందరు అద్దెవాళ్లకు మరీ బాగుంది. అది కూడా చివరికి ఐడీ ఇచ్చి చిట్టా చూడటమే. ఆ చిట్టాను మనిషే స్వయంగా దిద్దుకోవాలంటే గుడివాడ ఏలూరు రోడ్డులో అపార్టుమెంటువాళ్లు దిద్దుకుంటారు, ఎదురుమొండిలో వేటకు వెళ్లే ఇంటివాళ్లు దిద్దుకోరు. ఆ పని ఎవరికి అప్పగించాలని నన్నడిగితే గ్రామీణ డాక్ సేవక్‌కు అంటాను. పింఛనో, మనియార్డరో పట్టుకుని ఆ గుమ్మాలు ఎలాగూ ఎక్కుతాడు. ఎవరు ఎటు మారారో, ఏ ఇల్లు ఏటిలో కలిసిందో అందరికంటే ముందు అతనికే తెలుస్తుంది. అతని ఫోనులో దిద్దుబాటుకు ఒక గడి తెరిచి, దిద్దిన ప్రతి చిరునామాకు కొంత డబ్బు ఇస్తే, లుకప్‌లో వచ్చే ఖాళీ బ్రాకెట్లు దివిసీమ నుంచే ముందుగా తగ్గుతాయి.